కాంగోకి ఆఫ్రికా కప్పులు రెండా, మూడా?

మీ అబ్బాయి ప్రాజెక్టు కోసం వేస్తున్న క్రీడల పట్టికలో, కాంగో గెలిచిన ఆఫ్రికా కప్పుల (ఆఫ్రికా దేశాల ఫుట్‌బాల్ టోర్నీ) లెక్క ఒకచోట రెండు, ఇంకోచోట మూడు వస్తోందని అడిగారు. అలా వస్తోందంటే, రెండు దేశాలు ఒకే వరసలో కలిసిపోయినట్టే. కాంగో నదికి అటూ ఇటూ ఎదురెదురుగా రెండు రాజధానులున్నాయి: కిన్షాసా, బ్రజ్జావిల్. రెండు దేశాల పేర్లలోనూ కాంగో ఉంది. మీ అబ్బాయి ప్రాజెక్టుకి కావలసింది కిన్షాసా రాజధానిగా ఉన్న దేశం, అంటే డీఆర్ కాంగో. బ్రజ్జావిల్‌ది వేరే దేశం, రిపబ్లిక్ ఆఫ్ కాంగో.

ఇలా సరిచేయండి:

1. 1968 కప్పు ఉంచండి. అది కిన్షాసాదే. ఫైనల్లో ఘనాపై 1-0.

2. 1972 కప్పు తీసేయండి. అందరూ బోల్తా పడేది ఇక్కడే. 1971లో కిన్షాసా దేశం తన పేరు జైర్‌గా మార్చుకుంది, 1997 దాకా అదే పేరు. కాబట్టి మధ్య ఏళ్లలో ఉత్త 'కాంగో' అని కనిపిస్తే అది బ్రజ్జావిలే. 1972లో మాలీని 3-2తో ఓడించింది వాళ్లే.

3. 1974లో జైర్ అని ఉన్న కప్పు కలపండి. ఆ టోర్నీలో ఎన్డాయే ములాంబా ఒక్కడే 9 గోల్స్ కొట్టాడు! అదే ఏడాది ప్రపంచకప్‌లో మాత్రం జైర్ యుగోస్లావియా చేతిలో 0-9తో ఓడింది. పాపం.

మొత్తం రెండు.

క్లబ్బుల పట్టికలోనూ ఇదే తిరకాసు. 1967, 1968లో ఆఫ్రికా క్లబ్ ఛాంపియన్ అయిన ఎంగల్‌బెర్ జట్టూ, 2009, 2010, 2015లో గెలిచిన టీపీ మజెంబే (డీఆర్ కాంగోలోని లుబుంబాషీ నగరం జట్టు) ఒకటే; పేరు మాత్రమే మారింది. ఆ అయిదూ ఒకే ఖాతాలో వేయండి.

బాక్సింగ్ గడిలో 1974 అలీ-ఫోర్‌మన్ పోరు రాస్తే, వేదిక కిన్షాసా అనీ, దేశం పేరు అప్పట్లో జైర్ అనీ పెట్టండి.