నగరంలో ఉండేవారి అత్యవసర కిట్‌లో అన్నిటికంటే ముందు ఏది ఉండాలి?

అన్నిటికంటే ముందు ఉండవలసినది తాగునీరు. మనిషికి రోజుకు సుమారు 4 లీటర్ల చొప్పున కనీసం 3 రోజులకు సరిపడా ఇంట్లో నిల్వ ఉంచుకోవాలి. ఇందులో దాదాపు సగం తాగడానికి, మిగిలినది వంటకూ కనీస శుభ్రతకూ అవసరమవుతుంది.

నగరంలో నీరు, వెలుతురు, ఫోను, లిఫ్టు, చివరికి డబ్బు చెల్లింపులు కూడా కరెంటు మీదే ఆధారపడి ఉంటాయి. బహుళ అంతస్తుల భవనంలో కరెంటు పోయి, జనరేటరులో డీజిల్ కూడా అయిపోతే మోటారు నీటిని పైకి ఎక్కించలేదు. పై ట్యాంకులో మిగిలిన నీటిని అందరూ ఒకేసారి బకెట్లకు పట్టుకోవడంతో అది త్వరగా అడుగంటిపోతుంది, ఆ తరువాత కుళాయి తిప్పితే గాలి చప్పుడే తప్ప చుక్క రాదు.

ఉదాహరణకు, నలుగురున్న కుటుంబానికి 3 రోజులకు 48 లీటర్లు, అంటే 20 లీటర్ల డబ్బాలు మూడు కావాలి. లిఫ్టు ఆగిపోయాక 20 కిలోల డబ్బాను ఐదో అంతస్తుకు మోసుకెళ్లడం వృద్ధులకు సాధ్యం కాదు కనుక అవి ముందే ఇంట్లో ఉండాలి. వాటితోపాటు టార్చి, పవర్ బ్యాంకు, బ్యాటరీ రేడియో, రోజూ వాడే మందులు, కొంత చిల్లర నగదు తప్పనిసరి.

ఆర్వో యంత్రం ఉంటే నీటి నిల్వ అక్కర్లేదని చాలామంది అనుకుంటారు, అది పొరపాటు. ఆ యంత్రానికీ కరెంటు కావాలి, లోపలికి నీరు రావాలి. వరద వచ్చినప్పుడు ఆ నీటినే మరిగించి తాగవచ్చనుకోవడమూ పొరపాటే; మరిగిస్తే సూక్ష్మక్రిములు చస్తాయి గాని అందులో కలిసిన నూనెలు, రసాయనాలు పోవు.