మొదటి ప్యాచ్ పంపేముందు

అమ్మడూ,

బాబాయ్ దీవెనలు. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయలాంటి కెర్నల్‌కి మొదటి ప్యాచ్, అంటే కోడ్‌లో మార్పు, సిద్ధం చేశావని మీ నాన్న చెప్పాడు. సంతోషం. కోడ్ గురించి నేను చెప్పేదేం లేదు, ఆ పని అక్కడివాళ్లే మొహమాటం లేకుండా చేస్తారు. ప్యాచ్ అక్కడికి మెయిల్‌లోనే వెళ్తుంది కదా, నేను చెప్పేదల్లా ఆ మెయిల్ గురించి.

ఆఫీసు అలవాటు కొద్దీ బోల్డ్ అక్షరాలు, రంగులు, లోగోతో సంతకం పెట్టి పంపావంటే అది అక్కడి చర్చలోకి చేరదు. కెర్నల్ చర్చలు నడిపే సర్వర్ ఇలా హంగులున్న హెచ్‌టీఎంఎల్ మెయిళ్లను గుమ్మంలోంచే తిప్పి పంపేస్తుంది. ప్లెయిన్ టెక్స్టే, అంటే ఏ హంగూ లేని ఉత్త అక్షరాలే రాయాలి.

ముసలాళ్ల చాదస్తం అనుకుంటావేమో. కొంత ఉంది, కాదనను. అసలు కారణం మాత్రం వేరే. అక్కడ ప్యాచ్‌ని అటాచ్‌మెంట్‌గా పంపరు, మెయిల్‌లోనే పెడతారు. చదివేవాళ్లు నీ కోడ్‌లో తమకు నచ్చని లైన్ దగ్గర ఆగి, దాని కిందే జవాబు రాస్తారు. నీ లైన్ల ముందు '>' గుర్తు పడుతుంది, వాళ్ల మాటకి ఉండదు. పది జవాబులు నడిచినా ఎవరు ఏమన్నారో తెలిసిపోతుంది. 'నా జవాబులు ఎర్ర రంగులో ఉన్నాయి చూడండి' అనే ఆఫీసు పద్ధతి మూడో మనిషి వచ్చేసరికి గందరగోళమే. పైగా ప్యాచ్ నచ్చితే మెయింటెయినర్, అంటే ఆ భాగం కోడ్ చూసుకునే మనిషి, అదే మెయిల్‌ని కోడ్ మార్పులను నిర్వహించే గిట్ అనే సాధనంలోని 'గిట్ ఏఎం' కమాండ్‌తో నేరుగా కోడ్‌లో కలిపేస్తాడు. నువ్వు రాసింది మనిషీ చదవాలి, మెషీనూ చదవాలి.

అందుకే జీమెయిల్‌తో జాగ్రత్త. బ్రౌజర్‌లో ప్లెయిన్ టెక్స్ట్ మోడ్ ఉంది కదా అని ధీమా పడకు. అది ట్యాబ్‌లను స్పేస్‌లు చేసేస్తుంది, పొడుగు లైన్లను విరిచేస్తుంది. కెర్నల్ కోడ్‌కి ట్యాబ్‌లే ఆధారం కాబట్టి ప్యాచ్ అతకదు. ప్యాచ్ పంపడానికి గిట్‌లోనే ఉన్న 'గిట్ సెండ్-ఈమెయిల్' కమాండ్ వాడు. ముందు నీకు నువ్వే పంపుకుని, వచ్చిన మెయిల్‌ని నీ సిస్టమ్‌లోనే అప్లై చేసి చూడు. ఈ ఒక్క పని చేస్తే సగం టెన్షన్ పోతుంది.

జవాబులు రాయడానికి థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రామ్ చాలు, హెచ్‌టీఎంఎల్‌లో రాసే సెట్టింగ్ తీసెయ్యి. ఫోన్ నుంచి మాత్రం వద్దు. పాత మెయిలంతా మోసుకురాకుండా, నువ్వు జవాబు చెప్పే నాలుగు లైన్లే ఉంచి వాటి కింద రాయి.

ఆఫీసు మెయిల్ వాడితే కింద 'ఇది గోప్యం' అనే నోటీసు దానంతటదే అతుక్కుంటుందేమో చూసుకో. లోకమంతా చదివే చోట గోప్యమేమిటి? సొంత ఖాతా వాడుకోవచ్చా అని మీ మేనేజర్‌ని ముందే అడుగు.

అన్నట్టు, ప్లెయిన్ టెక్స్ట్ అంటే ఇంగ్లీషు అక్షరాలే అని కాదు. యూటీఎఫ్-8 అనే అక్షరాల ఎన్‌కోడింగ్‌లో మన తెలుగు అక్షరాలూ నిక్షేపంగా వెళ్తాయి.

పంపాక కనీసం వారం ఆగు, ఈలోపు గుర్తుచేయకు. జవాబు వస్తే 'రిప్లై ఆల్' నొక్కు, ఒక్కరికే రాస్తే చర్చ అక్కడే తెగిపోతుంది.

నాన్నని అడిగానని చెప్పు.

మీ బాబాయ్