ఊళ్లో ఓటును హైదరాబాద్‌కు మార్చుకోవాలంటే ఫారం 6 కాదు, ఫారం 8

మీ ప్రశ్న: "ఊళ్లో ఓటరు కార్డు ఉంది. నాలుగేళ్లుగా హైదరాబాద్‌లో అద్దెకుంటున్నాను. అది అలాగే ఉంచుకుని ఇక్కడ కొత్తగా నమోదు చేసుకోవచ్చా?"

కుదరదు. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం ఒకరి పేరు ఒక్క నియోజకవర్గంలోనే ఉండాలి. కొత్త ఓటరుగా చేరడానికి ఇచ్చే ఫారం 6లో "మొదటిసారి దరఖాస్తు చేస్తున్నాను, ఇంకెక్కడా పేరు లేదు" అని సంతకం పెట్టాలి. అది అబద్ధమైతే 31వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు శిక్ష పడొచ్చు. ఊళ్లో సొంతిల్లు ఉందిగా అంటారు. ఇల్లున్నంత మాత్రాన అక్కడి నివాసి కారని 20వ సెక్షన్ చెబుతోంది. అయినా మీ వీధికి నీళ్లు రాకపోతే, మురుగు పొంగితే మీరు అడగాల్సింది ఇక్కడి ప్రజాప్రతినిధుల్ని. ఓటు ఊళ్లో పెట్టుకుని ఇక్కడ ఎవరిని నిలదీస్తారు?

2022 ఆగస్టు నుంచి చిరునామా మార్పుకు ఫారం 8 వాడాలి. ఇంటర్నెట్ సెంటర్లలో ఇప్పటికీ ఫారం 6 నింపేసి డబ్బులు తీసుకుంటున్నారు. ఓటర్ల పోర్టల్లో గానీ యాప్‌లో గానీ మీరే చేసుకోవచ్చు, పైసా ఖర్చు లేదు. ఫారం 8లో నివాస మార్పు, దాని కింద "నియోజకవర్గం బయటికి" ఎంచుకోండి. కార్డు నంబరు మారదు.

ఎక్కువ మంది ఇరుక్కునేది చిరునామా రుజువు దగ్గర. ఊరి చిరునామా ఉన్న ఆధార్ పెడితే పని జరగదు. కరెంటు బిల్లు ఇంటి ఓనర్ పేరు మీద ఉంటుంది కాబట్టి అదీ పనికిరాదు. అద్దె ఒప్పందమైతే రిజిస్టర్ చేసినదే ఒప్పుకునే రుజువుల జాబితాలో ఉంది, నోటరీ కాగితం లేదు. మీ పేరున ఏడాదైనా నిండిన గ్యాస్ కనెక్షన్ గానీ, ఇక్కడి చిరునామాతో బ్యాంకు పాస్‌బుక్ గానీ ఉంటే మేలు. ఇవేవీ లేకపోయినా దారి మూసుకుపోదు, బూత్ స్థాయి అధికారి ఇంటికొచ్చి విచారిస్తారు. ఆ వచ్చినప్పుడు తాళం వేసి ఉండి, పక్కింటివాళ్లు "ఎవరో మాకు తెలీదు" అన్నారంటే దరఖాస్తు తిరస్కరణకే. రిఫరెన్స్ నంబరు దాచుకోండి, ఆ అధికారికి ముందే ఫోన్ చేయండి. అధికారి ఫోన్ నంబరు దొరక్కపోతే 1950 హెల్ప్‌లైన్‌కి చేసి అడగండి. తిరస్కరిస్తే 15 రోజుల్లోగా జిల్లా కలెక్టర్‌కు అప్పీలు చేసుకోవచ్చు.

పేరును తెలుగులోకి యంత్రమే మారుస్తుంది. శారద కాస్తా సరద అవుతుంది. పంపేముందు సరిచూడండి. జాబితాలో వెతికేటప్పుడు కూడా పేరుతో కాకుండా కార్డు నంబరుతో వెతకండి.

పోలింగ్ రోజు ప్రతి బూత్ దగ్గరా కనబడే దృశ్యం ఒకటుంది. గంటసేపు ఎండలో నిలబడి లోపలికి వెళ్లిన మనిషి కార్డు చూపిస్తాడు. అధికారి పేజీలు తిప్పి పేరు లేదంటాడు. ఆ మనిషి కార్డును మళ్లీ మళ్లీ ముందుకు తోస్తాడు. ప్రిసైడింగ్ అధికారికి పేరు చేర్చే అధికారం లేదు. ఊళ్లో ఉండటం లేదని ఎప్పుడో తీసేసి ఉంటారు, పాత చిరునామాకు పంపిన నోటీసు ఎవరూ చూసి ఉండరు. కార్డు ఓటు కాదు, జాబితాలో పేరు ఉంటేనే ఓటు. పేరుంటే కార్డు పోయినా ఆధార్, పాన్, డ్రైవింగ్ లైసెన్స్ లాంటి ఏదో ఒకటి చూపించి వేయొచ్చు.

ఇంట్లో పదిహేడు నిండిన పిల్లలుంటే వాళ్లకు ఫారం 6 ఇప్పుడే పెట్టించండి. జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబర్ ఒకటో తేదీల్లో పద్దెనిమిది నిండాక వచ్చే మొదటి తేదీకి పేరు చేరుతుంది.

పట్టభద్రుల ఎమ్మెల్సీ జాబితా మాత్రం పూర్తిగా వేరు. దాన్ని ప్రతిసారీ కొత్తగా తయారు చేస్తారు. పోయినసారి ఓటేశాను కదా అని ఊరుకుంటే పేరుండదు, ఫారం 18 మళ్లీ ఇవ్వాలి.

ఇక గడువు. నామినేషన్ల చివరి రోజు దాటాక పేర్లు చేర్చరు. అభ్యంతరాలకు వారం రోజులు పోతాయి కాబట్టి దానికి పది రోజుల ముందే మీ దరఖాస్తు చేరాలి. నోటిఫికేషన్ వచ్చాక చూద్దాం అనుకోకుండా ఈ వారమే పెట్టండి.