కౌన్సిల్ వారు రాసుకున్న వివరాలు యజమాని చేతికి వెళతాయా?

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా. మా చెల్లెలు 2023లో కేర్ వర్కర్ వీసాపై ఇంగ్లండ్ వెళ్లి, వృద్ధుల సంరక్షణ గృహం ఒకదానిలో పనిచేస్తోంది. ఏజెంటుకు 14 లక్షలు కట్టాము. ఆమె పాస్‌పోర్టు యజమాని దగ్గరే ఉంది, ఉండేది ఆయన ఇచ్చిన గదిలోనే, చెప్పిన జీతంలో సగం కూడా చేతికి రావడం లేదు. ఇటీవల స్థానిక కౌన్సిల్ (మన పురపాలక సంఘం వంటిది) సోషల్ వర్కర్ ఆమెతో విడిగా మాట్లాడి వివరాలు రాసుకున్నారు. అవి యజమానికి, వీసా అధికారులకు చేరతాయేమోనని ఆమె భయపడుతోంది. రాసుకున్నదేమిటో తను చూడవచ్చునా?

జవాబు: పాస్‌పోర్టు తీసి పెట్టుకోవడం, జీతం బిగబట్టడం, తీరని అప్పును అడ్డం పెట్టుకుని పని చేయించుకోవడం మన దగ్గర వెట్టిచాకిరీకి గుర్తులు. ఇంగ్లండ్‌లో వీటిని 2015 నాటి ఆధునిక బానిసత్వ చట్టం కింద పరిశీలిస్తారు. ఆ చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం, ఒక వ్యక్తి ఇలాంటి దోపిడీకి గురై ఉండవచ్చని కౌన్సిల్‌కు సహేతుకంగా అనిపిస్తే ఆ సంగతిని హోం ఆఫీస్‌కు, అంటే వీసాలను కూడా చూసే అక్కడి హోం శాఖకు, తెలియజేసి తీరాలి. మీ భయం మొదలయ్యేది ఇక్కడే కాబట్టి, ఏ వివరం ఎలా వెళుతుందో ముందుగా చెబుతాను.

తెలియజేయడానికి రెండు దారులున్నాయి. మీ చెల్లెలు సమ్మతిస్తే కౌన్సిల్ ఆమె పేరు, ఇతర వివరాలతో బాధితులను గుర్తించే జాతీయ వ్యవస్థకు దరఖాస్తు పంపుతుంది. ఈ దరఖాస్తును ఆమె స్వయంగా పంపుకోలేదు. పోలీసులు, కౌన్సిళ్లు, గుర్తింపు పొందిన కొన్ని సంస్థలు మాత్రమే పంపగలవు. ఆమె సమ్మతించకపోయినా కౌన్సిల్ సమాచారం పంపక తప్పదు, కానీ 18 ఏళ్లు నిండిన వ్యక్తి విషయంలో ఆ సమాచారంలో ఆమె ఎవరో తెలిపేది ఏదీ ఉండకూడదని అదే సెక్షన్ నిర్దేశిస్తోంది. పిల్లల విషయంలో సమ్మతితో పనిలేదు.

పేరు కొట్టివేసినంత మాత్రాన ఈ షరతు నెరవేరదు. విడిగా గానీ, వేరే సమాచారంతో కలిపి చూసినప్పుడు గానీ మనిషిని పట్టి ఇచ్చే వివరం ఏదైనా నిషిద్ధమే. పది మంది పనిచేసే గృహంలో ‘రాత్రి డ్యూటీ చేసే తెలుగు అమ్మాయి’ అని రాస్తే పేరు రాసినట్టే కదా! అందువల్ల ఊరు, భాష, డ్యూటీ వేళలు ఆ కాగితంలో ఉండకూడదని ఆమె సోషల్ వర్కర్‌తో స్పష్టంగా చెప్పవచ్చు, చెప్పాలి కూడా.

అయితే కౌన్సిల్ తన ఫైలులో రాసుకోవడానికి ఆమె సమ్మతి అక్కరలేదు. అక్కడి డేటా రక్షణ చట్టాల ప్రకారం చట్టం కౌన్సిల్‌కు అప్పగించిన ప్రజావిధి నిర్వహణే అందుకు ఆధారం. ఆరోగ్యం, జాతి వంటి సున్నితమైన వివరాలకు అదనపు రక్షణ ఉంటుంది. తీవ్రమైన నేరం జరుగుతున్నా, ఇతరుల ప్రాణాలకు ముప్పున్నా, అవసరమైనంత మేరకు పోలీసులకు ఆమె సమ్మతి లేకుండానే చెప్పవచ్చు. కానీ యజమానికి చెప్పడానికి ఇవేవీ ఆధారం కావు. ఆ గృహంలోని వృద్ధుల కోసం ఆయనకు డబ్బు చెల్లిస్తున్నది ఇదే కౌన్సిల్ కావచ్చు గనుక, చెల్లింపుల విభాగానికి తన పేరు తెలియవలసిన అవసరం లేదని ఆమె ముందే రాయించుకోవడం మంచిది. ఒకవేళ తన గురించి ఏం రాశారని యజమానే కౌన్సిల్‌ను అడిగినా, ఫిర్యాదు చేసినవారి వివరాలను బయటపెట్టకుండా ఉండే వీలు 2018 నాటి డేటా రక్షణ చట్టంలో ఉంది.

వీసా అధికారుల విషయంలో మీకు తీపి మాటలు చెప్పలేను. పేరుతో దరఖాస్తు వెళ్లాక అది హోం ఆఫీస్ చేతిలో ఉంటుంది. బాధితులను గుర్తించేవారికీ, వీసాలు చూసేవారికీ నడుమ చట్టం కట్టిన అడ్డుగోడ లేదు. తరువాత ఆమె మనసు మార్చుకున్నా చేరిన వివరాలు వెనక్కి రావు. మరోవైపు, ఆమె బాధితురాలు కావచ్చునని తొలి నిర్ణయం వస్తే సాధారణంగా కనీసం 30 రోజులు దేశం నుంచి పంపించరు, ఆశ్రయమూ సహాయమూ అందుతాయి. భయపడి నోరు మూసుకుంటే ఈ రక్షణ దొరకదు. అందుచేత దరఖాస్తుకు సమ్మతిస్తూ సంతకం చేసే ముందు అక్కడి ఇమ్మిగ్రేషన్ న్యాయవాదితో ఆమె ఒకసారి మాట్లాడాలని నా గట్టి సలహా. ఆలోచించుకోవడానికి వ్యవధి అడగడం ఆమె హక్కు.

తన గురించి కౌన్సిల్ దగ్గర ఉన్నదంతా చూపమని ఆమె నోటిమాటగానైనా కోరవచ్చు. సాధారణంగా రుసుము లేకుండా నెలలోగా ఇవ్వాలి, క్లిష్టమైన సందర్భాల్లో మరో రెండు నెలలు పట్టవచ్చు. ఇతరుల వివరాలను, నేర దర్యాప్తుకు భంగం కలిగించే భాగాలను ఆపుకుంటారు. తప్పు రాసి ఉంటే దిద్దమని అడగవచ్చు. జవాబు మాత్రం ఆ గది చిరునామాకు పోస్టులో రాకూడదు. కవరు ఎవరు విప్పుతారో మనకు తెలియదు. ఏ నంబరుకు, ఏ వేళలో మాట్లాడాలో ఫైలు మొదట్లోనే రాయించాలి. దుబాసీగా స్థానిక తెలుగువారిని పిలిస్తే, పరిచయస్థులు కాని వేరే ఊరివారిని ఫోనులో పెట్టమని అడగాలి. మనవాళ్లు తక్కువగా ఉండే ఊళ్లలో మాట తొందరగా పాకుతుంది. కౌన్సిల్ పొరపాటున వివరాలు బయటపెడితే అక్కడ డేటా రక్షణను పర్యవేక్షించే సంస్థకు ఫిర్యాదు చేయవచ్చు, నష్టపరిహారమూ కోరవచ్చు.

ఇక మీ వైపు ఒక జాగ్రత్త. ఏజెంటుపై ఇక్కడ పోలీసు ఫిర్యాదు ఇవ్వాలనుకుంటే, సున్నితమైన కేసులు మినహా ఎఫ్ఐఆర్‌లను వెబ్‌సైట్‌లో పెట్టాలని సుప్రీంకోర్టు 2016లో ఆదేశించిందని గుర్తుంచుకోండి. ఆమె పనిచేసే చోటు పేరు అందులో చేరితే అక్కడ కౌన్సిల్ దాచినది ఇక్కడ మీ చేతులమీదుగానే బయటపడుతుంది. కాబట్టి ఆమె ఆ గది విడిచి సురక్షితమైన చోటికి చేరాకే, మీ న్యాయవాదితో మాట్లాడి ఫిర్యాదు ఇవ్వండి. అంతవరకు ఏజెంటుకు డబ్బు కట్టిన రసీదులు, ఆయన పంపిన సందేశాలు భద్రపరచండి.