ఏ మూల?

అమ్మాయీ,

నీ కథ అందింది. తల్లి పేపరు ముక్కని బియ్యం డబ్బా అడుగున దాచుకోవడం బాగుంది. కానీ "కొడుకు రాసిన తొలి వార్త పేపర్లో ఓ మూల పడింది" అన్నావు చూడు, అక్కడ ఒళ్ళు మండింది నాకు. ఏ మూల?

పేపరు పేరుండే చోటు మాస్ట్‌హెడ్. దానికి అటూ ఇటూ ఉండే బుల్లి పెట్టెలు ఇయర్ ప్యానెళ్ళు, అంటే చెవులన్నమాట. పేజీ వెడల్పంతా పరిచే హెడ్డింగు బ్యానర్. అడుగున అడ్డంగా పడుకునేది యాంకర్. ఎక్కడో జాగా మిగిలితే ఇరికించే నాలుగు లైన్లు ఫిల్లర్. యాంకరైతే ఆ తల్లి వీధంతా తిరిగి చూపిస్తుంది. ఫిల్లరైతే కొడుకే వేలు పెట్టి చూపించాలి ఆవిడకి. నువ్వు 'మూల' అని ఊరుకున్నావు.

వస్తువు పేరు తెలీకుండా కథలో పెట్టకూడదని నా మొండిపట్టు. చాదస్తం అనుకో, ఫర్వాలేదు.

నీ సర్పంచి కోపంగా ఎడిటర్ పేరు కోసం మొదటి పేజీ పైన వెతికాడు. అది సాధారణంగా చివరి పేజీ అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. ఇంప్రింట్ లైన్ అంటారు. ప్రింటరెవరో, ఎక్కడ అచ్చయిందో వెయ్యాలని 1867 నాటి పాత చట్టంలోనే ఉండేది. అంత పెద్దమనిషి కళ్ళజోడు సర్దుకుని పేపరు మీదికి వంగేవాడు. చేతికొచ్చిన సీను పోగొట్టుకున్నావు.

ఇంకోటి. డేట్‌లైన్లో కుర్రాడు తన పేరు చూసుకుని మురిశాడట. అక్కడుండేది ఊరి పేరమ్మా. మనిషి పేరు బైలైన్లో ఉంటుంది. అది నాలాంటివాళ్ళకి ఎక్కడ దక్కింది!

1996 నవంబరు 6న కోనసీమ మీద తుపాను పడినప్పుడు నేను లైన్ అకౌంట్ విలేకరిని. అచ్చైన వార్తని స్కేలు పెట్టి కొలిచి డబ్బులిచ్చేవారు. కూలిన ఇంటి ముందు తడిసిన బియ్యం ఆరబోస్తూ ఒకావిడ కనపడింది. కథలు రాసే బుద్ధి కదా, ఆవిణ్ణి వార్త చివర్న పెట్టి, కవరు బస్సు డ్రైవరు చేతికిచ్చాను. జాగా చాలకపోతే డెస్కులో, అంటే వార్తలు దిద్దేచోట, తోక నుంచి కోస్తారు. అందుకే అసలు సంగతి ఇంట్రోలో, అంటే మొదటి పేరాలో, పెట్టమనేది. ఆవిడ ఎగిరిపోయింది. సింగిల్ కాలమ్ మిగిలింది, బైలైన్ లేకుండా.

తర్వాత ఆవిడ మీదే కథ రాస్తే ఒక వారపత్రిక సంపాదకుడు, "కోనసీమ కథలో కొబ్బరాకుల గలగల లేదేమిటండీ?" అని తిప్పి పంపాడు. కూలిపోయిన చెట్లకి గలగలేమిటి, నా మొహం! నీ కథ మొదటి పేరాలోనూ ఆ గలగల ఉంది. తీసెయ్.

ఏ పత్రికకి పంపాలన్నది తర్వాత చూద్దాం. ముందు ఆ తల్లి దాచుకున్న ముక్కని వెనక్కి తిప్పి, అవతల ఏముందో రాయి. నా దగ్గరున్న ముక్క వెనకాల సగం ఎరువుల ప్రకటన ఉంది.