వేగిస గ్లాసు నీళ్లు తాగుతుంటే షుగర్ మాత్రలు మానొచ్చా?

ప్రశ్న: మా నాన్నగారికి 58 ఏళ్లు. షుగర్‌కి మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ వాడుతున్నారు. రెండు నెలలుగా వేగిస అనే చెట్టు చెక్కతో చేసిన గ్లాసులో రాత్రంతా నిల్వ ఉంచిన నీళ్లు పరగడుపున తాగుతున్నారు. ఫాస్టింగ్ 160 నుంచి 118కి దిగింది. కానీ అప్పుడప్పుడూ పదకొండు గంటలప్పుడు చెమటలు, వణుకు. మాత్రలు మానేస్తానంటున్నారు. మానొచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: మాననివ్వకండి. ముందు ఆ చెమటల సంగతి చూడాలి. షుగర్ మరీ పడిపోతే వచ్చే లక్షణాలవి. గ్లిమెపిరైడ్ క్లోమం చేత ఇన్సులిన్ ఎక్కువగా విడుదల చేయిస్తుంది. దానికి వేగిస నీళ్లు తోడై, టిఫిన్ కూడా ఆలస్యమైతే ఇలా అవుతుంది. వణుకు రాగానే గ్లూకోమీటర్‌తో చూడండి. 70 కంటే తక్కువుంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలకు మళ్లీ చూడండి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి. గ్లిమెపిరైడ్ మోతాదును డాక్టర్ సరిచేసేదాకా గ్లాసు పక్కన పెట్టండి.

వేగిసలో గుణం లేకపోలేదు. కొత్తగా షుగర్ బయటపడిన 97 మందికి భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ఈ చెక్క మందును ఇచ్చి చూసింది. 1998లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం, 12 వారాల్లో 67 మందికి రక్తంలో షుగర్ అదుపులోకి వచ్చింది. కానీ రెండు మూడు నెలల సగటు షుగర్‌ను చూపే హెచ్‌బీఏ1సీ మాత్రం సగటున 9.8 నుంచి 9.4కే తగ్గింది. చాలామందికి అది 7 లోపు ఉండాలి. పైగా వాళ్లకు రోజుకు 2 నుంచి 4 గ్రాములు కొలిచి ఇచ్చారు. గ్లాసులో నీళ్లలోకి ఎంత దిగుతుందో ఎవరూ కొలవరు. కొత్తలో నీళ్లు చిక్కగా వస్తాయి, వాడేకొద్దీ చేవలోని సారం దిగిపోయి పలచబడతాయి. మాత్రలు మానేసి దీన్నే నమ్ముకుంటే షుగర్ మెల్లగా పెరుగుతున్నా తెలియదు.

రంగు పూసిన మామూలు చెక్క గ్లాసులూ అమ్ముతుంటారు. ఆ నీళ్లను గాజు గ్లాసులో పోసి ఎండలో పట్టి చూడండి. అసలు వేగిసైతే తేనె రంగు నీటి మీద నీలి మెరుపు కనిపిస్తుంది. వార్నిష్ వేసింది అసలే వద్దు. వాడాక బోర్లించి ఆరబెట్టకపోతే లోపల బూజు పడుతుంది.

వేగిస మానుకు గాటు పెడితే కారే ఎర్రటి బంకను విరేచనాలకు వాడటం పాత అలవాటు. దానిలోని వగరు టానిన్లనే పదార్థాలది. టానిన్లు ఐరన్‌ను ఒంటబట్టనివ్వవు, కాబట్టి రక్తహీనతకు ఐరన్ మాత్రలు వాడేవారు వేగిసకు దూరంగా ఉండటం మంచిది. గర్భిణులు, కిడ్నీ జబ్బున్నవారు అసలు వాడకూడదు.

ఈ వారంలోనే ఫాస్టింగ్, తిన్న రెండు గంటల తర్వాతి షుగర్, హెచ్‌బీఏ1సీ, కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్షలు చేయించండి. రిపోర్టులతో డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు గ్లాసు సంగతి కూడా చెప్పండి. ఏ మాత్ర తగ్గించాలో ఆయన నిర్ణయించేది దాన్ని బట్టే.