మార్కులు తగ్గాయి, అమ్మాయి పేపర్లు దాచేస్తోంది

ప్రశ్న: మా అమ్మాయికి పదిహేడేళ్లు. ప్రీ యూనివర్సిటీ చివరి ఏడాది. కిందటి తరగతుల్లో ఎప్పుడూ మొదటి ఇద్దరిలో ఉండేది. ఇప్పుడు మాక్ పరీక్షల్లో బి, సి గ్రేడ్లు వస్తున్నాయి. రాత్రి ఒంటిగంట దాకా పుస్తకం వదలదు. దిద్దిన పేపర్లు మాకు చూపించకుండా బ్యాగు అడుగున పెట్టేస్తోంది. పరీక్ష రోజు పొద్దున కడుపునొప్పి అంటుంది. వాళ్ల నాన్నగారు పెదనాన్న కూతురితో పోల్చి మాట్లాడతారు. నాకు ఏమనాలో తోచక ఊరుకుంటున్నాను. ఫైనల్స్‌కి మూడు నెలలుంది. గట్టిగా వెంటపడాలా, దాని మానాన వదిలేయాలా? (ఒక తల్లి)

జవాబు: రెండూ వద్దమ్మా. వెంటపడితే పేపర్లు ఇంకా లోపలికి దాస్తుంది. వదిలేస్తే ఒంటరిగా భయపడుతుంది. మీ అమ్మాయి బద్ధకస్తురాలు కాదు, ఒంటిగంట దాకా కూర్చుంటోంది. అంత కూర్చున్నా మార్కులు రావడం లేదంటే లోపం చదివే తీరులో ఉందేమో చూడాలి. ఆ జవాబు బ్యాగు అడుగున ఉన్న పేపర్లలోనే దొరుకుతుంది. అయితే వాటిని బయటికి తీయించాలంటే ముందు ఇంట్లో ఒక మాట ఖాయం కావాలి: పేపర్ చూసి ఎవరూ తిట్టరు, ఎవరితోనూ పోల్చరు. ఈ మాట మీ వారు స్వయంగా ఆమెతో చెప్పాలి. మీరు ఆయన తరఫున చెబితే నమ్మదు.

ఆ తర్వాత ఒక సెలవు రోజు, కడుపు నిండా తిని, నిద్ర తీరాక, ఒకే సబ్జెక్టులో చివరి మూడు పేపర్లు ముందు పెట్టుకోమనండి. పైనున్న మొత్తం మార్కులు కాగితం ముక్కతో కప్పేయండి. పోయిన ప్రతి మార్కు పక్కనా అది ఎందుకు పోయిందో ఆమే రాయాలి. కారణాలు ఇంచుమించు నాలుగే: పాఠమే అర్థం కాలేదు, చదివింది కానీ గుర్తు రాలేదు, ప్రశ్న సరిగా చదవలేదు లేదా లెక్కలో స్టెప్పు జారింది, టైమ్ చాలలేదు. ఉదాహరణకి, వంద మార్కుల పేపర్లో 38 పోయాయనుకుందాం. లెక్కేస్తే అర్థం కానివి 9, గుర్తు రానివి 12, జారినవి 7, టైమ్ చాలనివి 10 అని తేలవచ్చు. అంటే నిజంగా తెలియని పాఠం వల్ల పోయినవి తొమ్మిదే. "నాకేమీ రాదు" అనుకుంటున్న పిల్ల ఈ లెక్క తన చేత్తో తేల్చుకున్నాక మాట మారుతుంది. మీరు పక్కన కూర్చోండి, పెన్ను మాత్రం ఆమె చేతిలోనే ఉండాలి.

ఒక్కో కారణానికి మందు వేరు. అర్థం కానివి టీచర్ దగ్గరికి వెళ్లాల్సినవి. ఎన్నిసార్లు చదివినా ఇంట్లో తేలవు. అయితే "ఈ చాప్టర్ రాదండీ" అంటే కాదు, "ఈ లెక్కలో మూడో స్టెప్పు ఎక్కడినుంచి వచ్చిందండీ" అని అడగాలి. జారిపోయేవాటికి, ప్రశ్నలో ఏం అడిగారో ఆ క్రియాపదం కింద గీత గీసుకునే అలవాటు చేయించండి. "వివరించండి" అన్నచోట నిర్వచనం రాసి వచ్చే పిల్లలు చాలామంది.

టైమ్ సంగతి శుద్ధ గణితం. మూడు గంటలు, వంద మార్కుల పేపరైతే చదవడానికి పది నిమిషాలు, చివర సరిచూసుకోవడానికి పది నిమిషాలు తీసేస్తే మిగిలేది 160. మార్కుకి 1.6 నిమిషాలు. అయిదు మార్కుల ప్రశ్నకి ఎనిమిది నిమిషాలు. ఎనిమిదో నిమిషం దాటితే జాగా వదిలి తర్వాతి ప్రశ్నకి వెళ్లిపోవాలి. బాగా చదివే పిల్లలకి ఇదే చేతకాదు. ఒక జవాబు పరిపూర్ణంగా రావాలని కూర్చుని, చివర రెండు ప్రశ్నలు ముట్టుకోకుండా వచ్చేస్తారు. ఏ జవాబులోనైనా మొదటి రెండు మూడు మార్కులు తేలిగ్గా వస్తాయి, కష్టమైనది ఆఖరి మార్కే. ఇంట్లో గడియారం పెట్టుకుని వారానికొక పూర్తి పేపర్ రాస్తే తప్ప ఈ అలవాటు రాదు.

ఇక గుర్తు రాకపోవడం. మీ అమ్మాయి విషయంలో అసలు చిక్కు ఇదే అయ్యుండవచ్చు. అదే పేజీని నాలుగోసారి చదువుతుంటే అంతా వచ్చేసినట్టే ఉంటుంది. అది పేజీ పరిచయమైన ఫలితం. పుస్తకం మూసి చెప్పమంటే రాదు. 2006లో రోడిగర్, కార్పిక్ అనే పరిశోధకులు దీన్ని పరీక్షించి చూశారు. అయిదు నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ మళ్లీ చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత అడిగితే చదివినదాన్ని చూడకుండా గుర్తుచేసుకుని రాసినవాళ్లు ముందున్నారు. పరీక్షకి కావలసింది ఆ రెండోదే కదా. కాబట్టి చాప్టర్ ఒకసారి చదివాక పుస్తకం మూసి, తెల్లకాగితం మీద పది నిమిషాలు గుర్తొచ్చిందంతా రాయాలి. తర్వాత పుస్తకం తెరిచి, వదిలేసినవి వేరే రంగు పెన్నుతో చేర్చాలి. మర్నాడు, మూడో రోజు, వారానికి, మూడు వారాలకి మళ్లీ అదే పని. మొదటి వారం ఆమెకి ఇది బొత్తిగా నచ్చదు. రాదని తెలియడం బాధే. ఆ కాగితాలకి మార్కులు వేయకండి, అసలు చూపించమని అడగకండి కూడా.

రాత్రి ఒంటిగంట అన్నారు, దానికి మాత్రం అడ్డు చెప్పాల్సిందే. ఆ వయసువాళ్లకి ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలి. పగలు చదివింది జ్ఞాపకంలో స్థిరపడే పని చాలామటుకు నిద్రలోనే జరుగుతుంది. యవ్వనంలో శరీర గడియారం వెనక్కి జరుగుతుంది కాబట్టి త్వరగా నిద్ర పట్టకపోవడం ఆమె మొండితనం కాదు. ఒక్కసారిగా పదింటికి పడుకోమనకుండా రెండు మూడు రోజులకోసారి పావుగంట చొప్పున ముందుకి జరపండి. కాఫీ మధ్యాహ్నంతో సరి. సాయంత్రం ఆరింటికి తాగినదానిలో కెఫీన్ దాదాపు సగం రాత్రి పదకొండింటికీ ఒంట్లోనే ఉంటుంది. ఫోను వేరే గదిలో చార్జింగ్‌కి పెట్టాలి, మీ ఫోన్లతో సహా.

కడుపునొప్పి నాటకం కాదు. భయపడినప్పుడు ఒళ్లు ప్రమాదానికి సిద్ధమవుతుంది, జీర్ణక్రియ మందగిస్తుంది, కడుపు పట్టేస్తుంది. పరీక్ష లేని రోజుల్లోనూ నొప్పి వస్తున్నా, బరువు తగ్గుతున్నా, వాంతులవుతున్నా ముందు డాక్టర్‌కి చూపించండి. పరీక్ష రోజే వస్తుంటే ఊపిరి సాధన పనికొస్తుంది: నాలుగు లెక్కపెట్టేదాకా పీల్చి, ఆరు లెక్కపెట్టేదాకా వదలడం, నాలుగైదు నిమిషాలు. రోజూ పడుకునేముందు చేస్తేనే హాల్లో అక్కరకొస్తుంది. పరీక్షకి ముందు పది నిమిషాలు తన భయాలన్నీ కాగితం మీద రాసి పారేయడం కొందరు పిల్లలకి బాగా పనిచేస్తుంది. బుర్రలో భయం ఆక్రమించిన చోటు లెక్కలకి ఖాళీ అవుతుంది. గుండె దడదడలాడడం ఓటమికి గుర్తు కాదనీ, కొద్దిపాటి కంగారు చురుకునిస్తుందనీ కూడా చెప్పండి.

గ్రేడ్ల గురించి మీ దంపతులిద్దరూ తెలుసుకోవాల్సినది ఒకటుంది. 69కి బి, 70కి ఏ అని గీత ఉంటే, ఆ ఇద్దరు పిల్లల చదువులో తేడా ఏమీ లేదు. అదే పేపర్‌ని ఇంకొకరు దిద్దినా ఒకటి రెండు మార్కులు అటూ ఇటూ కావచ్చు. పర్సంటైల్ అంటే శాతం కాదు. 80 పర్సంటైల్ అంటే రాసినవాళ్లలో నూటికి ఎనభై మంది కంటే మెరుగని. చుట్టూ బాగా చదివేవాళ్లే చేరినప్పుడు చదువు తగ్గకుండానే ర్యాంకు తగ్గుతుంది, మీ అమ్మాయికి కొంతవరకు ఇదీ జరిగి ఉండొచ్చు. ఇంటర్నల్స్, ప్రాజెక్టులు ఫైనల్ గ్రేడ్‌లో ఎంత శాతమో ఇప్పుడే కనుక్కోండి. గడువులోగా ఇస్తే తేలిగ్గా చేతికొచ్చే మార్కులవి. ఫలితాల తర్వాత తిరిగి కూడడం వేరు, తిరిగి దిద్దడం వేరు. కొన్ని పద్ధతుల్లో దిద్దిస్తే మార్కులు తగ్గే వీలూ ఉంది, నిబంధన చదివాకే దరఖాస్తు చేయండి.

అనుకున్న గ్రేడ్ రాకపోతే ఏం చేయాలో కూడా ఇప్పుడే ముగ్గురూ కూర్చుని కాగితం మీద పెట్టండి: మళ్లీ రాసే తేదీలు, తక్కువ కటాఫ్ ఉన్న కోర్సులు, ఏడాది ఆగి చేరే వీలు. అపశకునమని కొందరు ఈ మాటే ఎత్తరు. వేరే దారి ఉందని తెలిసిన పిల్ల పరీక్ష హాల్లో తక్కువ భయపడుతుంది.

పరీక్ష రాసి రాగానే "ఎలా రాశావ్?" అనకండి. ముందు అన్నం పెట్టండి. ఆ రోజు ఆన్సర్ కీ తెరవొద్దు. మాట్లాడాలనిపిస్తే "రేపు పొద్దున నేనేం చేస్తే నీకు వీలుగా ఉంటుంది?" అని అడగండి.

ఒక్క విషయంలో ఆలస్యం చేయకండి. రెండు వారాలుగా దేనిమీదా ఆసక్తి లేకపోయినా, "నేను లేకపోతే మీకు హాయి" లాంటి మాటలన్నా, తనకిష్టమైన వస్తువులు పంచిపెడుతున్నా, ఒంటి మీద గాట్లు కనిపించినా సూటిగా అడగండి: "చచ్చిపోవాలన్న ఆలోచన వస్తోందా అమ్మా?" అడిగితే ఆ ఆలోచన పుట్టదు, చెప్పుకునే వీలు దొరుకుతుంది. అవునంటే ఒంటరిగా వదలకండి, ఇంట్లో మందులూ విషపదార్థాలూ అందకుండా తీసేసి, అదే రోజు మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్లండి. అంత ప్రమాదం లేకపోయినా, ఇవన్నీ నాలుగు వారాలు చేశాక కడుపునొప్పీ నిద్రా కుదుటపడకపోతే క్లినికల్ సైకాలజిస్టుని కలవండి. నొప్పి ఏ రోజు, ఎన్నింటికి, ఏ పరీక్షకి ముందు వచ్చిందో ఆమే ఒక చిన్న పుస్తకంలో రాసుకుంటే, వెళ్లేటప్పుడు అది వెంట తీసుకెళ్లండి.